స్టీలు లాంచి ముక్కులో బౌ థ్రస్టర్ గొట్టాన్ని తుప్పు తినేసింది. మార్చాల్నా, మూసేయాల్నా?

సిద్ధేశ్వరం_సరంగు
నేనూ మా బామ్మర్దీ కలిసి పోయినేడు గోవా పక్కనుంచి ఒగ పాత స్టీలు లాంచి కొన్న్యాం. 14 మీటర్లు, ఒకటే ఇంజను, అడుగున 6 మి.మీ. ప్లేటు. లోబెడ్ మీద ఇంతదూరం తెచ్చిన కత వేరే, అది ఇంగోనాడు చెప్తా. సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం వెనక నీళ్లలో టూరిస్టులను తిప్పుతాం. ముక్కులో బౌ థ్రస్టర్ ఉండాది, 24 వోల్టులది; అంటే ముక్కుకు అడ్డంగా నీళ్ల కింద పోయే గొట్టంలో ఫ్యాను, నీళ్లను పక్కకు తోసి ముక్కును తిప్పుతాది. గొట్టం లోపలి వ్యాసం 185 మి.మీ.

సంక్రాంతి నుంచి ముందరి అరలో బిల్జ్ పంపు (లాంచి అడుగున చేరే నీళ్లను బయటికి తోడేది) ఊరికే తిరుగుతాంది. మొదట్లో దినానికి ఒగసారి, శివరాత్రికల్లా గంటకు ఒగసారి. ఇప్పుడు నీళ్లు తగ్గినాయి గదా, లాంచి గట్టున కూర్చునింది. గొట్టంలోకి చెయ్యి పెట్టి చూస్తే రంగు పెచ్చు కూడా లేదు, లోపలంతా గుంతపొంగణాల పెనం మాదిరి ఉండాది. అడుగుపక్క చిప్పింగ్ సుత్తి మొనతో మెల్లగా ఒగ దెబ్బ కొట్టినా. మొన లోపలికి పోయి ఆడనే ఇరుక్కునింది. బామ్మర్ది నా మొగం చూసినాడు, నేను వాని మొగం చూసినా.

ఇప్పుడు గొట్టం మొత్తం పీకి కొత్తది వెయ్యాల్నా, బొక్క మీద ప్యాచి వేస్తే సాలునా? పైన జూరాల గేట్లు ఎత్తేలోపల లాంచి రెడీ కావాల.

ఉగ్గానీ_బజ్జీ
సంగమేశ్వరంలో బౌ థ్రస్టరా! మా తాత పుట్టిలో కూర్చొని తెడ్డుతోనే ముక్కు తిప్పుతాండె.

ఆటోనగర్_వెల్డర్
లోపలినుంచి, అంటే బిల్జ్ పక్కనుంచి, 6 ఎంఎం ప్లేటు వంచి అర్ధచంద్రం మాదిరి ప్యాచి కొట్టు అన్నా. ఒగ పూట పని. తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకపోతే 2024లో నీళ్లు పారతాండంగానే స్టాప్‌లాగులు (గేటు జాగాలో అడ్డంగా పెట్టే ఉక్కు పలకలు) దించినారు. నీ బొక్క ఎంతప్పా.

యార్డు_రిటైర్డ్
వెల్డర్ గారూ, ఆ ప్యాచి వద్దు. సుత్తి మొన దిగిన చోట ఒక్కటే పలచబడి ఉంటే మీ మాట ఒప్పుకునేవాణ్ని. లోపలంతా గుంతలే అంటున్నారు. పలచటి ప్లేటు మీద వెల్డింగ్ కుట్టు వేస్తే పక్కన ఇంకో బొక్క పడుతుంది, దానిమీద మరొకటి వేస్తారు, అది అట్లాగే సాగుతుంది. పైగా ప్యాచికీ పాత గొట్టానికీ మధ్య తడి నిలిచి, కనపడకుండా తింటూనే ఉంటుంది.

నేను పుట్టింది నంద్యాల, ముప్ఫై ఏళ్లు చేసింది విశాఖలో ఓడల రిపేరు. ముందు అల్ట్రాసోనిక్ గేజితో మందం కొలిపించండి. గొట్టం చుట్టూ గడియారం అంకెల్లాగా పన్నెండు చోట్ల, పొడవునా మూడు వరుసల్లో. గొట్టం చుట్టూ ఉన్న హల్ ప్లేటు, అంటే పడవ బయటి ఒళ్లు కూడా అడుగు దూరం దాకా కొలవండి. కొత్త గొట్టాన్ని తుప్పు తిన్న ప్లేటుకు అతికిస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

గండికోట_గాలి
నాది వేరే మాట. థ్రస్టర్ పీకేసి రెండు పక్కలా ప్లేటు మూసెయ్ అబ్బీ. నీళ్ల కింద బొక్క ఎన్ని తక్కువుంటే అంత మంచిది. గండికోట, మైలవరం నీళ్లలో తిరిగే పడవలు యాడన్నా థ్రస్టర్ పెట్టుకున్యాయా? ముక్కుకు తాడు కట్టి గట్టునున్న పిల్లోనికి విసిరితే వాడే లాగుతాడు. బ్యాటరీలు మిగుల్తాయి, కేబుళ్లు మిగుల్తాయి, తలకాయనొప్పి పోతాది.

సిద్ధేశ్వరం_సరంగు
@గండికోట_గాలి నీ పేరులోనే సమాధానం ఉండాది అన్నా. ఆ గాలితోనే మాకు బాధ. ఆషాఢంలో రేవులోకి వస్తాంటే గాలి పక్కనుంచి కొట్టి ముక్కును తోసేస్తాది. ఒకటే ఇంజను, స్పీడు తగ్గిస్తే చుక్కాని పని చెయ్యదు, పెంచితే రేవుకు గుద్దుతాది. పైన నలభై మంది, చంకలో పిల్లోళ్లు. ఈడ తాడు విసిరేకి పిల్లోడు గట్టున ఉండడు, బండ మీద కూర్చొని ఫోను చూస్తాంటాడు.

గండికోట_గాలి
అయితే పిల్లోన్ని మార్చు, గొట్టాన్ని కాదు.

ఎర్రమట్టి_అనంతపురం
185 అంటే 7 అంగుళాల పైచిలుకే గదప్పా. మా తావ బోరు కేసింగు పైపులు బోలెడు పడుంటాయి. రెండువేలు పారేస్తే వస్తాది.

ఆటోనగర్_వెల్డర్
నాయనా, బోరు కేసింగు పలచన. భూమిలో నిలబడేకి చాలు గానీ, పడవ ముక్కున ఒగ మొద్దు తగిలితే సొట్ట పడుతుంది. నీ జిల్లాలో నీళ్లే పడని బోర్లకు వేసిన కేసింగును నీళ్లలోకి పంపిస్తాండావు, అదొక్కటే మంచి.

ఎర్రమట్టి_అనంతపురం
అది మాత్రం గట్టిగానే తగిలింది అప్పా.

కేసీ_కెనాల్
పైపుల లెక్క నేను చెప్తా, ఇదే నా యాపారం. 8 అంగుళాల పైపు బయటి వ్యాసం 219.1 మి.మీ. షెడ్యూల్ అంటే గోడ మందం రకం. షెడ్యూల్ 40 అయితే గోడ 8.18, లోపల 202.7 వస్తాది. షెడ్యూల్ 80 అయితే గోడ 12.7, లోపల 193.7. మీకు కావాల్సింది 185. షెడ్యూల్ 40 వేస్తే ఫ్యాను రెక్కకూ గోడకూ నడుమ పక్కకు 9 మి.మీ. ఎక్కువ సందు. నీళ్లు ఆ సందులోంచే వెనక్కి జారిపోతాయి, థ్రస్టర్ అరుస్తాది గానీ ముక్కు కదలదు. 6 అంగుళాలదైతే లోపల 154, రెక్కే పట్టదు. షెడ్యూల్ 120 తెచ్చి లేత్ మీద లోపల కొంచిం బోరు కొట్టిస్తే 185 దొరుకుతాది. అయితే గోడ 17 మి.మీ. ఉంటాది, మీటరుకు 85 కిలోల బరువు. ఆ పైపు కర్నూల్లో నా దగ్గరే లేదు, ఇంగ యాడ దొరుకుతాది.

ఇంగోటి, ఉగ్గానీ అన్న పుట్టి అన్న్యాడు గాబట్టి. మన కేసీ కాలువ కూడా పొలాలకే కాదు, పడవలు నడిపేకి కూడా అని మద్రాసు ఇరిగేషన్ కంపెనీవాళ్లు తవ్వించినారు. సుంకేసుల నుంచి కడప దాంకా. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో సర్కారు తీసుకునింది. అంటే రాయలసీమలో పడవల యాపారంలో దెబ్బ తినిన మొదటోనివి నువ్వు కాదు సరంగన్నా.

సిద్ధేశ్వరం_సరంగు
ఓదార్పు బాగుండాది.

మందం కొలిపించినా. పైన 4.6, పక్కలు 3.9, అడుగున 2.1, బొక్క చుట్టూ అయితే గేజి అంకెనే చూపించల్యా. కొత్తగా ఉన్నప్పుడు 6 ఉండాల. హల్ ప్లేటు మాత్రం బాగుండాది, 5.5కు తక్కువ యాడా లేదు. కంపెనీ గొట్టానికి ఏజెంటు రెండు నెలలు అంటాండాడు. రెండు నెలలకు నేను గొట్టం మీద కాదు, నీళ్ల మీద ఉండాల.

యార్డు_రిటైర్డ్
అయితే ప్లేటు రోల్ చేయించండి. 6 మి.మీ. ప్లేటు, లోపల 185 కావాలంటే మధ్య వ్యాసం 191. దాన్ని π (3.1416) తో గుణిస్తే చుట్టుకొలత సరిగ్గా 600. లెక్క ఇంత గుండ్రంగా రావడం అరుదు. ప్లేటు ఐఎస్ 2062 ప్రమాణం ఉక్కుదై ఉండాలి, టెస్టు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, రేపు పడవ తనిఖీకి వచ్చే సర్వేయర్ అదే అడుగుతాడు. ఇంత చిన్న వ్యాసానికి మామూలు రోలింగ్ మిషన్లో పై రోలరే పట్టదు. సన్న రోలరున్న మిషన్ చూసుకోవాలి. అంచులు ముందే వంచి, చుట్టి, కుట్టు వేసి, మళ్లీ ఒకసారి రోల్ చేస్తే గుండ్రం వస్తుంది.

పొడవు పడవ వెడల్పు కన్నా రెండు పక్కలా 100 చొప్పున ఎక్కువ ఉంచండి, మిగిలింది తర్వాత కోసేయొచ్చు.

ఎర్రగుంట్ల_దుమ్ము
రోలింగ్‌కు మా ఊరికి రా బ్బా. సిమెంటు ఫ్యాక్టరీలకు చూట్లు, డక్టులు చేసేటోళ్లు ఈడ శానామంది. దినామూ అదే పని. 185 అంటే మొదట నవ్వుతారు, తర్వాత చేసిస్తారు.

ఆటోనగర్_వెల్డర్
నా ప్యాచి మాట ఎనక్కి తీసుకున్యా. 2.1 అంటే రాడ్డు ఆనిస్తానే కారిపోతాది.

తుంగ_గట్టు
నాకు ఒకటే డౌటు. సముద్రంలో తుప్పు పడితే అర్థముంది. మంచినీళ్లలో ఏడాదికే గొట్టం ఎట్ల తింటుంది?

యార్డు_రిటైర్డ్
తిన్నది ఇక్కడ కాదు, గోవాలో ఉప్పునీళ్లలో. ఇక్కడ బొక్క బయటపడింది, అంతే. సరంగు గారూ, థ్రస్టర్ కాలు, అంటే గేర్ లెగ్, గొట్టానికి బిగించిన చోట ప్లాస్టిక్ గాస్కెట్, బోల్టులకు ప్లాస్టిక్ బుష్షులు ఉన్నాయా చూడండి. రెక్క చివర జింకు ముక్క ఉందా?

సిద్ధేశ్వరం_సరంగు
గాస్కెట్ జాగాలో నల్ల సిలికాన్ పూసినారు. బుష్షుల్లేవు. జింకు ఉండాది గానీ దానిమీద కూడా రంగేసినారు! ఎర్ర రంగు, నీటుగా రెండు కోట్లు.

యార్డు_రిటైర్డ్
ఇంక చెప్పేదేముంది. కాలు కంచు, షాఫ్టు స్టెయిన్‌లెస్, గొట్టం మామూలు ఉక్కు. మూడూ ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీళ్లలో ఉంటే బ్యాటరీ తయారైనట్టే, అందులో కరిగిపోయేది ఉక్కు. ఉక్కుకు బదులు కరగాలని జింకు పెడతాం. దానికి రంగేస్తే అది హాయిగా కూర్చుంటుంది. గొట్టం లోపల నీళ్ల సుడికి ముందే రంగు నిలవదు, కాబట్టి అక్కడ బోడి ఉక్కు మీదే దెబ్బ పడుతుంది.

మీరున్నది మంచినీళ్లు. జింకు మంచినీళ్లలో కొన్నాళ్లకు మీద గట్టి పొర కట్టి పని మానేస్తుంది. హల్‌కు మెగ్నీషియం ముక్కలు పెట్టుకోండి. ఎప్పుడైనా పడవను మళ్లీ ఉప్పునీళ్లకు అమ్మితే అవి తీసేయాలి, అక్కడ మెగ్నీషియం బిస్కెట్టులా అయిపోతుంది.

గండికోట_గాలి
ఇన్ని బాధలు పడే బదులు మూసెయ్ అన్న్యా. మళ్లీ అంటాండా.

తుంగ_గట్టు
పాత గొట్టంలోనే చిన్న గొట్టం దూర్చి, 150 థ్రస్టర్ పెట్టుకుంటే? లేకుంటే ఫైబర్ గొట్టం అంటించుకుంటే?

ఆటోనగర్_వెల్డర్
గొట్టంలో గొట్టం అంటే రెంటి నడుమ నీళ్లు చేరి కుళ్లుతాది, అది కనపడదు, చెయ్యి కూడా పట్టదు. ఫైబరు ఉక్కుకు అంటుకునేది కొన్నాళ్లే, ఎండకు ఒగటి సాగుతాది, ఇంగోటి సాగదు.

యార్డు_రిటైర్డ్
వెల్డర్ గారి మాటే నాదీ. కోసేటప్పుడు మాత్రం కొన్ని చూసుకోండి. కోసే ముందే పాత గొట్టం మధ్య గీతకు రెండు పక్కలా హల్ మీద పంచ్ గుర్తులు పెట్టండి. కాలు ఏ కోణంలో కూర్చుందో లోపల గీసుకోండి, లేకపోతే మోటారు వంకర తిరిగి ఫ్రేముకు తగులుతుంది. గ్యాస్ కటింగ్‌తో గీతకు 5 మి.మీ. లోపలే కోసి, మిగిలింది గ్రైండర్‌తో గీత దాకా తేవాలి. ముక్కు ఏటవాలు కాబట్టి హల్‌లో బొక్క గుండ్రంగా రాదు, కోడిగుడ్డులా వస్తుంది. కొత్త గొట్టాన్ని దూర్చి, దాని మీదే గీసుకుని బొక్కను సరిచేయండి.

గొట్టం కుట్టు 3 గంటల దగ్గర పెట్టండి. 12 దగ్గర కాలు కూర్చుంటుంది, 6 దగ్గర బురద నిలుస్తుంది. రెక్క తిరిగే జాగాలో లోపలి కుట్టును గ్రైండ్ చేసి చదును చేయాలి. ఆ జాగాలో బయటివైపు స్టిఫెనర్లు (బలానికి వేసే పట్టీలు) అతికించొద్దు, వేడికి గొట్టం కోలగా అయితే రెక్క గీరుకుంటుంది.

ఆటోనగర్_వెల్డర్
కుట్టు ఒగేపు మొదలుపెట్టి చుట్టూ తిప్పేయొద్దన్నా. ముందు నాలుగు దిక్కులా టాకులు, అంటే చుక్క కుట్లు, తర్వాత రెండంగుళాలు ఈపక్క, రెండంగుళాలు ఎదుటిపక్క. చెయ్యి పెట్టి చూసి వేడి తగ్గినాకనే మళ్లీ. 7018 రాడ్లు వాడు, ఓవెన్లో కాల్చినవి. రేవులో మంచుకు పెట్టెలో తడి పట్టిన రాడ్లు వాడితే కుట్టంతా పేలగింజల మాదిరి బుడగలు. ఎర్తు క్లాంపు కుట్టు పక్కనే ముక్కు ప్లేటుకు పెట్టు. ఇంజను దగ్గర పెడితే కరెంటు బేరింగులలోంచి పోతాది.

శ్రీశైలం_పాతాళగంగ
ఒక్క మాట మీరెవ్వరూ అనలేదు. ముందరి అరలో గోడలకు ఫోమ్ కొట్టి ఉందా? మాకు తెలిసినాయన పడవలో బయట కటింగ్ చేస్తుంటే లోపల ఫోమ్ అంటుకుంది. మంట కనిపించల్యా, నల్లపొగ వచ్చింది. లోపల నిలబడినోడు పైకొచ్చి పడిపోయినాడు. బతికినాడు గానీ ఆరునెలలు దగ్గినాడు. ఫోము అడుగున్నర దూరం దాకా గీకేయండి. బ్యాటరీలు పీకేయండి. లోపల ఒకడు నీళ్ల బకెట్టుతో ఉండాలి, వాడు ఫోను చూసేవాడు కాకూడదు.

సిద్ధేశ్వరం_సరంగు
మా పిల్లోడు అయితే పనికిరాడు అన్నమాట.

ఎర్రగుంట్ల_దుమ్ము
😂

కేసీ_కెనాల్
సర్వేయర్‌కు కోసే ముందే చెప్పు సరంగన్నా, కోసినాక కాదు. ఇప్పుడు 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 1917 నాటి పాతది పోయింది. నీళ్ల గీత కింద హల్ కోస్తాండావు. 2019లో గోదారి కచ్చులూరు దగ్గర పడవ మునిగినాక పడవోళ్లను ఎవరూ ఊరికే వదలరు, వదలకూడదు గూడా.

సిద్ధేశ్వరం_సరంగు
(మూడు వారాల తర్వాత) ఆలస్యమైనందుకు ఏమనుకోవద్దండి, గట్టున సిగ్నల్ లేదు.

ఎర్రగుంట్లలో గొట్టం చుట్టించినా. లోపల యాడ కొలిచినా 184.5కూ 185.5కూ నడుమ వచ్చింది. అడ్వాన్సు కూడా అడగల్యా. లాంచి కింద ముక్కు పక్క బేతంచెర్ల బండలు పేర్చి, వాటిమీద రైలు స్లీపర్ చెక్కలు పెట్టి ఎత్తినాం. గ్యాసు సిలిండర్లు, వెల్డింగ్ జనరేటరు ట్రాక్టర్లో తెచ్చినాం. సర్వేయర్ వచ్చి చూసి, ప్లేటు సర్టిఫికెట్ ఫోటో తీసుకొని పోయినాడు.

పాత గొట్టం కోసి బయటికి లాగినాక తెలిసింది, దానికి ఎనకపక్క ముందే ఒగ ప్యాచి ఉండాది! ఎవురో గోవాలోనే వేసి, దానిమీద ఫోమ్ కొట్టి మూసేసినారు. ప్యాచి కిందనుంచి తుప్పు పొరలు పొరలుగా అప్పడాల మాదిరి రాలినాయి. యార్డు సార్ చెప్పినట్టే.

యార్డు_రిటైర్డ్
ఫోటో చూశాను. ఆ ప్యాచి వేసినవాడి చెయ్యి మాత్రం బాగుంది, కుట్టు చక్కగా ఉంది.

ఆటోనగర్_వెల్డర్
నేను కాదు సార్, నేను గోవాకు ఎప్పుడూ పోలేదు.

తుంగ_గట్టు
కుట్టు లీకుందో లేదో నీళ్లలో దించకముందే ఎట్ల తెలుసుకున్యావు?

సిద్ధేశ్వరం_సరంగు
డీపీ కిట్టు (రంగు పూసి కుట్టులో పగుళ్లు చూసేది) దొరకల్యా. వెల్డరు పాత పద్ధతే చేసినాడు. బయట కుట్టు మీద సున్నం పూసి ఆరబెట్టినాడు. లోపలినుంచి అదే కుట్టుకు కిరోసిన్ గుడ్డతో రుద్దినాడు. గంట కూర్చున్యాం. తెల్లటి సున్నం మీద ఎడమపక్క, 7 గంటల దగ్గర, ఆవగింజంత మచ్చ మొలిచింది. చూస్తాండంగానే శనగగింజంత అయ్యింది. నా గుండె ఆడనే ఉండాది. వెల్డరు నవ్వి, "ఇది తెలిసేకే గదన్నా పూసింది" అని ఆ జాగా గ్రైండర్‌తో తవ్వి, కిరోసిన్ పూర్తిగా తుడిచి ఆరబెట్టి, మళ్లీ కుట్టినాడు. రెండోసారి సున్నం రాత్రంతా తెల్లగానే ఉండాది.

గొట్టం హల్‌కు కలిసే అంచులు కూడా గుండ్రంగా కట్టినాం, పైపు ముక్క చీల్చి వంపు 18 మి.మీ. వచ్చేలా. లోపలా బయటా ఎపాక్సీ మూడు కోట్లు.

గండికోట_గాలి
సరే, థ్రస్టర్ ఎట్లుండాది? ముక్కు తిరుగుతాందా?

సిద్ధేశ్వరం_సరంగు
...

ఉగ్గానీ_బజ్జీ
చుక్కలు పెట్టినాడంటే కత ఉండాది.

సిద్ధేశ్వరం_సరంగు
థ్రస్టర్ బిగించల్యా. ప్లాస్టిక్ గాస్కెట్, బుష్షులు ఏజెంటు పంపలేదు, ఇంగా దోవలో ఉండాయంట. అవి లేకుండా బిగిస్తే మళ్లీ అదే తుప్పు గదా. మొన్న జూరాల గేట్లు ఎత్తినారు, సుంకేసుల నుంచి కూడా ఎర్రనీళ్లు మొదలైనాయి. కాలు బొక్కలకు 10 ఎంఎం ప్లేటు, ట్రాక్టర్ ట్యూబు రబ్బరు పెట్టి బోల్టులు బిగించి మూసినాం. నిన్న రాత్రి నీళ్లు బండల దాంకా వచ్చినాయి, తెల్లారేసరికి లాంచి తనంతట తానే లేచింది. ముందరి అర తెరిచి టార్చి వేసి చూసినా. అడుగున దుమ్ము కూడా తడవల్యా. పంపు ఒగసారి కూడా తిరగలేదు.

గండికోట_గాలి
అంటే ఇప్పుడు నీ లాంచి థ్రస్టర్ లేకుండానే తిరుగుతాది. నేను మొదటి దినమే చెప్పింది అదే!

సిద్ధేశ్వరం_సరంగు
నీళ్లలో ఉండంగా కాలు బిగించలేం గాబట్టి మళ్లీ నీళ్లు తగ్గి, మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడే దాంకా అంతే. ఈ ఆషాఢం గాలికి రేవులో ఎన్నిసార్లు గుద్దుతానో రాసి పెడతా. శివరాత్రికి ఆ లెక్క చూపించి నీతో మాట్లాడతా.

ఉగ్గానీ_బజ్జీ
పాత గొట్టం ఏం చేసినావన్నా?

సిద్ధేశ్వరం_సరంగు
బామ్మర్ది ఇంటికి తీస్కపోయి వంటింటి పొయ్యికి పొగగొట్టం పెట్టుకున్యాడు. సుత్తి దిగిన బొక్కలోంచి కూడా పొగొస్తాదంట. ప్యాచి వేయమని వెల్డర్‌ను పిలుస్తాండాడు.

ఆటోనగర్_వెల్డర్
వస్తా. ఆడ మాత్రం నా ప్యాచి చెల్లుతాది గదా?